గర్భిణికి బీపీ తగ్గిస్తే బిడ్డకు రక్తం తగ్గుతుందా? మాయ రక్తప్రసరణ చెప్పే లెక్క

క్లుప్తంగా: గర్భిణి రక్తపోటును మందులతో 140/90 లోపుకు నెమ్మదిగా తెస్తే బిడ్డ ఎదుగుదలకు చెప్పుకోదగ్గ నష్టం లేదని 2015, 2022 సంవత్సరాల్లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలు చూపాయి. అయితే ఈ మందులు తల్లి మెదడును, గుండెను కాపాడతాయే తప్ప మాయలో ముందే ఏర్పడిన లోపాన్ని సరిచేయవు. మాయకు ప్రమాదం ప్రధానంగా రక్తపోటు ఒక్కసారిగా పడిపోయినప్పుడు, లేదా మందు ఎంపిక తప్పినప్పుడు వస్తుంది.

గర్భిణికి బీపీ 150/100 ఉందని తేలి డాక్టరు మాత్ర రాసి ఇచ్చాక చాలా ఇళ్ళలో రెండు అనుమానాలు మొదలవుతాయి. మందు బిడ్డకు పడుతుందా అన్నది మొదటిది. బీపీ దిగితే కడుపులో బిడ్డకు రక్తం చాలకపోతుందేమో అన్నది రెండోది. మొదటి అనుమానానికి మందు పేరును బట్టి సూటిగా జవాబు చెప్పవచ్చు. రెండోదాన్ని మాత్రం ఇంటి భయంగా కొట్టిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే వైద్యరంగమే దాన్ని దశాబ్దాల పాటు మోసింది. గర్భానికి ముందు నుంచే బీపీ ఉన్న స్త్రీలలో పోటు 160/110కి చేరేదాకా మందు మొదలుపెట్టనక్కర్లేదన్న పద్ధతి అమెరికాలో ఇటీవలి వరకు నడిచింది. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం ఆ గీతను 140/90కి దించింది 2022 ఏప్రిల్‌లోనే.

ఈ మార్పు అర్థం కావాలంటే ముందుగా ఒక తేడా గుర్తించాలి. గర్భం ధరించక ముందు నుంచి గానీ, 20 వారాల లోపు గానీ కనిపించే బీపీ దీర్ఘకాలిక రక్తపోటు. 20 వారాలు దాటాక కొత్తగా వచ్చేది గర్భకాలపు రక్తపోటు. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోవడం గానీ, కాలేయం, మూత్రపిండాలు, మెదడు, రక్తంలోని ప్లేట్‌లెట్లు దెబ్బతిన్న గుర్తులు గానీ ఉంటే అది ప్రీఎక్లాంప్సియా. దాని మీద ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. బీపీ పరికరం మీద ఒకే అంకె కనిపించినా, ఈ స్థితుల్లో మాయ పరిస్థితి ఒకేలా ఉండదు.

## మాయకు రక్తం అందే తీరు

తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ ఎక్కడా కలవవు. గర్భాశయ గోడలోని మెలిదిరిగిన సన్నని ధమనుల నుంచి తల్లి రక్తం మాయలోని ఖాళీల్లోకి వచ్చి మడుగు కడుతుంది. బిడ్డ రక్తనాళాలున్న వేళ్ళ లాంటి శాఖలు ఆ మడుగులో మునిగి ఉండి, పలుచని పొర గుండా ఆక్సిజన్‌ను, పోషకాలను తీసుకుంటాయి. గర్భం లేనప్పుడు గర్భాశయానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం వెళితే, నెలలు నిండేసరికి అది 500 నుంచి 700 మిల్లీలీటర్లకు చేరుతుంది.

ఇంత పెరుగుదల తల్లి గుండె ఎక్కువ రక్తం పంపడం వల్ల మాత్రమే సాధ్యం కాదు. మొదటి నెలల్లో మాయ నుంచి బయలుదేరిన ట్రోఫోబ్లాస్ట్ కణాలు ఆ మెలిదిరిగిన ధమనుల్లోకి చొచ్చుకుపోయి, వాటి గోడల్లోని కండర పొరను తొలగిస్తాయి. కండరం పోయిన నాళం ముడుచుకోలేదు. దాని ముఖద్వారం అయిదు నుంచి పది రెట్లు వెడల్పవుతుంది. ఈ పని సుమారు 20 వారాలకు ఒక కొలిక్కి వస్తుంది. వెడల్పు పెరగడం వల్ల ఎక్కువ రక్తం రావడం ఒక ప్రయోజనమైతే, వచ్చే రక్తం వేగం బాగా తగ్గడం అంతకన్నా ముఖ్యమైనది. మార్పు చెందని ధమని నుంచి రక్తం సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో చిమ్ముతుందనీ, మార్పు చెందిన దాని నుంచి సెకనుకు దాదాపు 10 సెంటీమీటర్ల నిదానంతో వస్తుందనీ గణిత నమూనాలు లెక్కగట్టాయి. మడుగులోకి నిదానంగా చేరిన రక్తానికే బిడ్డ నాళాలతో ఇచ్చిపుచ్చుకునే వ్యవధి దొరుకుతుంది.

ఈ ఏర్పాటులో ఒక బలహీనత కూడా ఉంది. మెదడుకు, మూత్రపిండాలకు వెళ్ళే ధమనులు బీపీ కాస్త అటూ ఇటూ అయినా తమ వ్యాసాన్ని సర్దుకుని ప్రవాహాన్ని నిలకడగా ఉంచుకుంటాయి. కండరం పోగొట్టుకున్న మాయ ధమనులకు ఆ వెసులుబాటు చాలా తక్కువ. పూర్తిగా తెరుచుకుని ఉన్న దారి ఇంకా తెరుచుకోలేదు కాబట్టి, ఒత్తిడి తగ్గితే ప్రవాహమూ తగ్గుతుంది. బీపీ మందుల మీద సందేహం పుట్టింది ఈ తర్కం నుంచే, ఆ తర్కంలో తప్పు లేదు. అది సగం కథ మాత్రమే చెబుతుంది.

## పోటు పెరిగినా ప్రవాహం ఎందుకు పెరగదు

ప్రీఎక్లాంప్సియాలో, ముఖ్యంగా 34 వారాల లోపు బయటపడే రకంలో, పైన చెప్పిన మార్పు అరకొరగా జరుగుతుంది. చాలా ధమనులు సన్నగా, కండరంతోనే మిగిలిపోతాయి. రక్తం తక్కువగా రావడమే కాక, జెట్‌లా చిమ్ముతూ మాయ శాఖలను దెబ్బతీస్తుంది. కాసేపు ముడుచుకుని కాసేపు తెరుచుకునే ఆ నాళాల వల్ల ఆక్సిజన్ సరఫరా ఒడుదొడుకులకు లోనవుతుంది. ఒత్తిడికి గురైన మాయ ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రొటీన్‌ను తల్లి రక్తంలోకి అధికంగా వదులుతుంది. రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి అవసరమైన పీఎల్‌జీఎఫ్ వంటి వృద్ధి కారకాలను ఇది పట్టి కట్టేస్తుంది. దాంతో తల్లి శరీరమంతటా నాళాలు బిగుసుకుంటాయి, మూత్రపిండాల వడపోత చెడి ప్రొటీన్ కారుతుంది, బీపీ పెరుగుతుంది.

అంటే ఇక్కడ అధిక రక్తపోటు మాయ లోపానికి కారణం కాదు, దాని ఫలితం. కాలువ నిండుగా పారుతున్నా తూము పూడుకుపోయిన చేనుకు నీరెక్కదు. కాలువ మట్టం ఎంత పెంచినా గట్టు తెగే ప్రమాదం పెరుగుతుంది కానీ చేను తడవదు. ఆ గట్టు తెగడమే తల్లి మెదడులో జరిగే రక్తస్రావం. మరోవైపు, తూము సన్నగా ఉన్నప్పుడు కాలువ మట్టాన్ని ఉన్నట్టుండి సగానికి దించితే చేనుకు అందే కాస్త నీరూ ఆగిపోతుందన్నదీ నిజమే. చికిత్స అంతా ఈ రెండు ప్రమాదాల మధ్య నడుస్తుంది.

దీర్ఘకాలిక రక్తపోటు మాత్రమే ఉన్న స్త్రీలో కథ వేరు. ఆమె మాయ ధమనులు చాలా సందర్భాల్లో సరిగానే వెడల్పవుతాయి, బిడ్డ బరువూ మామూలుగానే ఉండవచ్చు. నెలలు నిండే దశలో వచ్చే ప్రీఎక్లాంప్సియాలో కూడా బిడ్డలు తరచుగా సాధారణ బరువుతోనే పుడతారు. అందుకే "బీపీ ఉంటే బిడ్డ ఎదగదు" అని అందరికీ ఒకే మాట చెప్పడం సరికాదు.

## మందుల మీద భయానికి పునాది

మందు వల్ల బిడ్డ బరువు తగ్గుతుందన్న అనుమానానికి బలమైన ఆధారాలే దొరికాయి. బ్రిటన్‌లో దీర్ఘకాలిక రక్తపోటు ఉన్న స్త్రీలకు గర్భం తొలి దశ నుంచే అటెనలాల్ ఇచ్చి చూసిన ఒక చిన్న పరిశోధన 1990లో వెలువడింది. మందు వాడిన తల్లుల బిడ్డల సగటు బరువు 2,620 గ్రాములు కాగా, ఉత్తుత్తి మాత్ర వాడినవారి బిడ్డల బరువు 3,530 గ్రాములు. పదేళ్ళ తర్వాత, 2000లో, లాన్సెట్ పత్రికలో అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి చేసిన విశ్లేషణ వచ్చింది. మందులతో సగటు ధమనీ పీడనం (బీపీ పై, కింది అంకెల నుంచి లెక్కగట్టే సగటు పోటు) 10 మిల్లీమీటర్లు తగ్గినప్పుడు బిడ్డ బరువు దాదాపు 145 గ్రాములు తక్కువగా ఉందని అది లెక్కతేల్చింది. స్వల్ప రక్తపోటును ముట్టుకోకపోవడమే మేలన్న అభిప్రాయానికి ఈ అంకె చాలాకాలం ఊతమిచ్చింది.

అయితే బీపీని తగ్గించే మందులన్నీ ఒకే దారిన పనిచేయవు. అటెనలాల్ గుండె వేగాన్ని, అది పంపే రక్తం పరిమాణాన్ని తగ్గిస్తుంది. గర్భంలో గుండె పంపే రక్తం 30 నుంచి 50 శాతం పెరగవలసిన చోట ఆ పెరుగుదలకే కళ్ళెం వేస్తే మాయ వాటా తగ్గడంలో ఆశ్చర్యం లేదు. నిఫెడిపిన్ అందుకు భిన్నంగా బిగుసుకున్న నాళాలను సడలిస్తుంది. నిరోధం తగ్గితే పోటు తగ్గినా ప్రవాహం నిలబడగలదు, ఎందుకంటే ప్రవాహం ఒత్తిడిని నిరోధంతో భాగించగా వచ్చేదే తప్ప ఒత్తిడి ఒక్కటే కాదు. లాబెటలాల్ అటెనలాల్ కుటుంబానిదే అయినా నాళాలను సడలించే గుణం కూడా ఉన్నది కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఇంట్లో బీపీ ఉన్న మరొకరి మాత్రలను "అదీ బీపీ మందే కదా" అని గర్భిణికి ఇవ్వడంలోని ప్రమాదం ఇక్కడే ఉంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ రకం మందులు, టెల్మిసార్టాన్, లోసార్టాన్ రకం మందులు మరింత హాని చేస్తాయి. అవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు ఎండిపోయేలా చేయగలవు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే, ఆలస్యమైతే గర్భం నిర్ధారణ అయిన వెంటనే, వైద్యుల సలహాతో వీటి స్థానంలో వేరే మందు మొదలుపెట్టాలి.

## రెండు పరిశోధనలు, ఒకే దిశ

2015లో కెనడా వైద్యుల నాయకత్వంలో పలు దేశాల్లో జరిగిన చిప్స్ పరిశోధన ఫలితాలు వచ్చాయి. దీర్ఘకాలిక రక్తపోటు గానీ, గర్భకాలపు రక్తపోటు గానీ ఉన్న 987 మందిని అందులో రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు కింది అంకె 100 దగ్గర ఉండేలా, రెండో జట్టుకు 85 దగ్గర ఉండేలా చికిత్స చేశారు. గర్భం నిలవకపోవడం లేదా పుట్టిన బిడ్డకు రెండు రోజులకు మించి ప్రత్యేక సంరక్షణ అవసరం కావడం సడలింపు జట్టులో 31.4 శాతం, కట్టుదిట్టమైన జట్టులో 30.7 శాతం. ఈ రెండింటికీ తేడా లేనట్టే లెక్క. తల్లి విషయంలో మాత్రం తేడా స్పష్టంగా కనిపించింది. పోటు 160/110 స్థాయికి ఎగబాకడం సడలింపు జట్టులో 40.6 శాతం ఉండగా, రెండో జట్టులో 27.5 శాతమే. బరువు తక్కువ బిడ్డలు కట్టుదిట్టమైన జట్టులో కొంచెం ఎక్కువగా, 16.1 శాతానికి బదులు 19.8 శాతంగా కనిపించారు. గణాంకపరంగా ఆ తేడా నిలబడకపోయినా, పాత అనుమానం పూర్తిగా చల్లారలేదు.

దాన్ని చాలావరకు తీర్చినది 2022లో అమెరికాలో వెలువడిన చాప్ పరిశోధన. స్వల్ప స్థాయి దీర్ఘకాలిక రక్తపోటు ఉన్న 2,408 మంది గర్భిణులను ఇందులో చేర్చారు. సగం మందికి బీపీ 140/90 లోపు ఉండేలా ప్రధానంగా లాబెటలాల్ లేదా నిఫెడిపిన్ ఇచ్చారు. మిగతావారికి పోటు తీవ్రమైతే తప్ప మందు ఇవ్వలేదు. తీవ్ర ప్రీఎక్లాంప్సియా, వైద్య కారణాలతో 35 వారాల లోపు కాన్పు చేయవలసి రావడం, మాయ ముందే ఊడిపోవడం, బిడ్డ మరణం, వీటిలో ఏదో ఒకటి జరిగినవారు మందు వాడిన జట్టులో 30.2 శాతం, వాడని జట్టులో 37 శాతం. బరువు తక్కువ బిడ్డలు 11.2 శాతం, 10.4 శాతం. ఈసారి బిడ్డ బరువు మీదే ప్రత్యేకంగా కన్నువేసి చూసినా గణనీయమైన తేడా తేలలేదు.

ఈ ఫలితాలను వాటి హద్దుల్లోనే చదవాలి. చాప్‌లో చేరినవారికి ముందు నుంచే బీపీ ఉంది, వారిలో చాలామంది మాయ బాగానే పనిచేస్తూ ఉండి ఉంటుంది. ఇప్పటికే బిడ్డ ఎదుగుదల ఆగి, బొడ్డుతాడులో రక్తప్రవాహం తగ్గిన 28 వారాల గర్భిణికి ఈ అంకెలను యథాతథంగా అన్వయించలేం. అలాంటి స్థితిలో 130/85 కన్నా కాస్త పైనే ఉంచడానికి మొగ్గుచూపే వైద్యులు ఉన్నారు. ఆ జాగ్రత్తకు వెనక ఉన్నది పైన చెప్పుకున్న సన్నని ధమనుల తర్కమే కాబట్టి అది అర్థం చేసుకోదగ్గదే.

## తీవ్ర స్థాయిలో వేగమే కీలకం

పోటు 160/110 దాటి నిలిచిందంటే చర్చ ముగిసినట్టే. గంటలోపే, కుదిరితే అరగంటలోనే మందు పడాలి. ప్రీఎక్లాంప్సియాతో పక్షవాతానికి గురైన 28 మంది స్త్రీల వివరాలను 2005లో అమెరికాలో పరిశీలించినప్పుడు, ముందుగా బీపీ నమోదైన వారిలో దాదాపు అందరికీ పై అంకె 160 దాటి ఉంది. కింది అంకె 110 చేరినవారు కొద్దిమందే. కింది అంకె ఒక్కటే చూసి ధైర్యపడటం ఎంత ప్రమాదమో ఇది బయటపెట్టింది.

అయినా అక్కడి నుంచి 120/80కి ఒక్క ఊపున దించడం చికిత్స కాదు. కొన్ని గంటల్లో సగటు పోటును పావు వంతుకు మించి తగ్గించకుండా, 140-150/90-100 ప్రాంతంలో నిలపడం సాధారణ లక్ష్యం. నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను చిల్లుపెట్టి నాలుక కింద వేసే పాత అలవాటును వదిలించింది ఈ కారణమే. పోటు ఎంత పడుతుందో చెప్పలేని స్థితిలో బిడ్డ గుండె వేగం కుంటుపడేది. రక్తనాళం ద్వారా ఇచ్చే హైడ్రలజీన్‌తో తల్లి పోటు మితిమీరి పడిపోవడం, మాయ ఊడిపోవడం, బిడ్డ గుండె లయ మారడం వంటివి ఇతర మందులతో పోలిస్తే ఎక్కువగా కనిపించాయని 2003 నాటి సమీక్ష ఒకటి చూపింది.

మన దేశపు ఆసుపత్రులకు బాగా వర్తించే ఆధారం నాగపూర్ నుంచి వచ్చింది. అక్కడి రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2015 నుంచి 2017 వరకు తీవ్ర రక్తపోటుతో చేరిన 894 మందికి నోటి ద్వారా నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపాలలో ఒకటి ఇచ్చి చూశారు. ఆరు గంటల్లో ప్రమాదం లేకుండా పోటు అదుపులోకి వచ్చినవారు నిఫెడిపిన్‌తో 84 శాతం, లాబెటలాల్‌తో 77 శాతం, మిథైల్‌డోపాతో 76 శాతం. సెలైన్ పంపు, మానిటర్, నిరంతరం కనిపెట్టుకునే సిబ్బంది లేని చోట కూడా మాత్రతో మొదలుపెట్టి రోగిని పెద్దాసుపత్రికి పంపవచ్చని దీని అర్థం. 108 వాహనం వచ్చేలోపు చేయగలిగిన పని ఇది.

మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్‌ను బీపీ మందుగా పొరబడేవారు ఎక్కువ. అది ఫిట్స్‌ను ఆపేందుకు, రాకుండా చూసేందుకు ఇచ్చేది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో జరిగి 2002లో వెలువడిన మాగ్పీ పరిశోధనలో అది ఎక్లాంప్సియాను సగానికి పైగా తగ్గించింది. దాన్ని ఇచ్చినంత మాత్రాన పోటు తగ్గించే మందు ఇవ్వనక్కర్లేదని కాదు.

## మాయనే బాగుచేసే మందు ఉందా

ఇప్పటిదాకా లేదు. నాళాలను సడలించే సిల్డెనాఫిల్‌తో మాయ ప్రవాహాన్ని పెంచి, ఎదుగుదల తీవ్రంగా ఆగిన బిడ్డలను కాపాడాలన్న ప్రయత్నం కొన్ని దేశాల్లో జరిగింది. నెదర్లాండ్స్‌లో ఆ పరిశోధనను 2018 జూలైలో అర్ధాంతరంగా ఆపేశారు. పుట్టిన బిడ్డల్లో ఊపిరితిత్తుల నాళాల సమస్యలు, మరణాలు మందు జట్టులో ఎక్కువగా కనిపించడమే కారణం. ధమనులు ఏర్పడే దశ దాటిపోయాక వాటిని బలవంతంగా తెరవడం ఎంత కష్టమో ఆ అనుభవం చెప్పింది.

ఏర్పడే దశలోనే జోక్యం చేసుకోవడం మాత్రం ఫలిస్తోంది. ప్రమాదం ఎక్కువగా ఉన్న స్త్రీలకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల వరకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చిన ఆస్ప్రే పరిశోధనలో, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. 2017లో ఈ ఫలితం వెలువడింది. ఏడో నెలలో కాళ్ళ వాపు చూసి ఆస్పిరిన్ మొదలుపెడితే ఆ ప్రయోజనం ఆశించలేం. ఆహారంలో క్యాల్షియం తక్కువగా ఉండే చోట దాన్ని మాత్రల రూపంలో ఇవ్వడం కూడా ప్రీఎక్లాంప్సియాను తగ్గిస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నాలుగో నెల నుంచి ఇచ్చే క్యాల్షియం మాత్రలు ఎముకల కోసమేనని అనుకుని పక్కన పడేసేవారికి ఈ సంగతి తెలియాలి.

బీపీ అనగానే ఉప్పు మాన్పించి చప్పిడి తిండి పెట్టడం మన ఇళ్ళలో మామూలే. ప్రీఎక్లాంప్సియాను నివారించడానికి ఉప్పు తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. ఈ జబ్బులో వాపు పైకి కనిపిస్తున్నా, నాళాల లోపల ఉండే ద్రవం నిజానికి తగ్గి ఉంటుంది. నీరు లాగే మాత్రలను వాపు కోసమని వాడితే మాయకు చేరే రక్తం మరింత తగ్గే అవకాశం ఉంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడానికి మాత్రం ఆధారం ఉంది. వెల్లకిలా పడుకున్నప్పుడు బరువెక్కిన గర్భాశయం కింది మహాసిరను నొక్కి, గుండెకు తిరిగివచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది.

## డాప్లర్ ఏం చూపుతుంది, కాన్పు ఎప్పుడు

బీపీ పరికరం తల్లి చేతిలోని పోటును కొలుస్తుంది. మాయ స్థితిని తెలుసుకోవడానికి డాప్లర్ స్కాన్ కావాలి. గర్భాశయ ధమనిలో నిరోధం ఎక్కువగా ఉందంటే తల్లి వైపు ధమనులు సరిగా వెడల్పవలేదని సూచన. బొడ్డుతాడు ధమనిలో బిడ్డ గుండె సడలే క్షణంలో కూడా రక్తం ముందుకు పారుతూ ఉండాలి. ఆ ప్రవాహం తగ్గడం, ఆగిపోవడం, చివరకు వెనక్కి తిరగడం అన్నవి క్రమంగా ముదిరే దశలు. బీపీ మాత్రతో పోటు 140/90కి వచ్చినా ఈ స్కాన్ క్షీణిస్తూ ఉండవచ్చు. అప్పుడు "బీపీ నార్మల్ అయింది కదా, ఇంకా ఆసుపత్రిలో ఎందుకు" అనే ప్రశ్నకు జవాబు ఆ స్కాన్‌లోనే ఉంటుంది.

ప్రీఎక్లాంప్సియాకు మూలం మాయ కాబట్టి, అది బయటికి వచ్చాకే జబ్బు తగ్గుముఖం పడుతుంది. తీవ్ర లక్షణాలు లేకపోతే 37 వారాలకు, తీవ్ర లక్షణాలుంటే 34 వారాలు దాటగానే కాన్పు చేయడం ఇప్పుడు సాధారణంగా అనుసరించే పద్ధతి. అంతకుముందు వారాల్లో మందులు చేసే పని, తల్లి ప్రాణానికి ముప్పు లేకుండా బిడ్డకు కొన్ని రోజుల వ్యవధి సంపాదించిపెట్టడం. ఆ వ్యవధిలోనే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తారు.

కాన్పుతో పోటు వెంటనే సర్దుకోదు. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య అది మళ్ళీ పెరిగే అవకాశం ఎక్కువ. చాలామంది బాలింతలు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు. తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కలో నొప్పి ఆ రోజుల్లో కనిపిస్తే దిష్టి తగిలిందనో, నిద్ర చాలలేదనో సరిపెట్టుకోకుండా బీపీ చూపించుకోవాలి. మాయ ఇక లేదు కాబట్టి ఈ దశలో మందుల ఎంపికకు పాత ఆంక్షలు కూడా సడలుతాయి. గర్భంలో నిషేధించిన ఎనలాప్రిల్‌ను పాలిచ్చే తల్లికి ఇవ్వవచ్చు.